ఉసేనమ్మ ఆరు అంకణాలు

"ఇల్లు కట్టి చూడు" అనే సామెతను వల్లించేది ఎప్పుడూ ఇల్లు కట్టించినవాళ్లే. కట్టినవాళ్లకు సామెతలు చెప్పుకునే తీరిక దొరకదు. ఒక స్లాబు తడి ఆరకముందే ఇంకో స్లాబుకు ఇసుక జల్లించాలి. ఉసేనమ్మది వీపనగండ్ల మండలంలో రోడ్డు మీది ఊరు. పీర్ల పండుగ నాడు పుట్టింది గనుక ఆ పేరు. పెళ్లయిన ఏడాది నుంచి తల నెరిసేదాకా పుణెలో, బొంబాయిలో, బెంగుళూరులో, చివరికి హైదరాబాదులో ఎవరెవరివో ఇళ్లు కట్టింది. ఆ తర్వాత ఒక్కటంటే ఒక్కటి తన కోసం కట్టుకుంది. ఆ ఒక్కదాని మీదనే ఊరికి, చుట్టాలకు, ఆఖరికి కన్నకొడుకులకు కూడా అభ్యంతరాలు పుట్టాయి.

ఒక పొద్దున ఆమె బావ పెంటయ్య, అంటే చనిపోయిన భర్త కురుమూర్తికి పెద్దన్న, ఒక దారపు ఉండ, చాటలో ఇంత సున్నం పట్టుకొని ఇంట్లోకి వచ్చాడు.

"ఏంది బావా, పండుగ లేదు పబ్బం లేదు, సున్నం తెచ్చినవ్?"

"పండుగనే అనుకో ఉసేనమ్మా. కొడుకులు వేరువడుతుండ్రు. పెద్దమనిషి ఒకడు గీత గియ్యాలె గద."

పెద్దకొడుకు నరసింహ తల్లి మొహం చూడకుండా దారం ఒక కొస పట్టుకున్నాడు. చిన్నకొడుకు శ్రవణ్ కుమార్ రెండో కొస పట్టుకొని పెరటి గోడ దాకా పోయాడు. దారం వెంట పెంటయ్య సున్నం చల్లుకుంటూ పోయాడు. ఆ గీత రోడ్డు వైపు మొదలై, కూతురు మనీషా కుట్టుమిషను కాళ్ల నడుమ నుంచి, ఉసేనమ్మ మంచం కింద నుంచి, ఇంటి నడుమను సరిగ్గా చీల్చుకుంటూ పోయింది. ఆ గీత మీద ఇటుక గోడ లేస్తుంది. కుడి సగం ఒక కొడుక్కి, ఎడమ సగం ఇంకో కొడుక్కి.

"బావా, గీత మీద నా మంచం ఉన్నది."

"మంచానిదేమున్నది, జరుపుకోవచ్చు. ఒక నెల పెద్దోనింట్ల, ఒక నెల చిన్నోనింట్ల. ఊరందరి తల్లులు గట్లనే ఉంటుండ్రు. రాణి లెక్క, నీకు రెండిండ్లు."

"మరి మనీషా?"

"ఆడపిల్లకు గోడలెందుకు? ఇయ్యాల గాకుంటె రేపు మొగనింటికి పొయ్యేదే."

మనీషా పళ్ల మధ్య దారం కొరికి తెంపింది. "పెదనాయినా, ఆ మొగనింటికెల్లి వచ్చి ఏండ్లైతుంది. నీకు మతికి లేదా?"

పెంటయ్య ఆ మాట వినపడనట్టు చాట దులిపాడు. ఉసేనమ్మ మూలనున్న బిందె ఎత్తి గీత మొదట్లోంచి కుమ్మరించింది. సున్నం పాల లెక్క పారి పెంటయ్య చెప్పుల కిందికి పోయింది.

"బండలు గలీజైనయి, కడుగుతున్న. జర పక్కకు జరుగు బావా."

ఉసేనమ్మకు కావలసింది ఒకటే, తనకంటూ ఒక తలుపు. లోపల గడియ పెట్టుకుంటే పెట్టుకున్నట్టే ఉండాలి. తీసుకొని బయటికి వస్తే ఎవరి వంటింట్లోంచో, ఎవరి పడక పక్కనుంచో కాకుండా నేరుగా మట్టి మీద కాలు పెట్టాలి. ఇంతపాటి కోరిక తల్లులకు ఉండకూడదని మన దగ్గర ఒక ఏర్పాటు. అమ్మ దేవత అంటారు. ఊళ్లో ఏ దేవతకైనా తన గుడి, తన గడప ఉంటాయి. అమ్మకు మాత్రం వంతులు.

ఆ వంతుల సంగతి ఆమె తన అత్త దగ్గర చూసింది. మామ పోయిన ఏడాదికే ముగ్గురు అన్నదమ్ములు వేరుపడ్డారు. ఉన్నది పొడుగాటి మట్టి మిద్దె. దానికి అడ్డంగా రెండు గోడలు లేచాయి. అప్పుడు కూడా గీత గీసింది పెంటయ్యే. న్యాయంగానే గీశాడు, జానెడు ఎక్కువ తక్కువ లేకుండా. అంత న్యాయంగా గీసేసరికి వాకిలి సగానికి తెగింది, నడి భాగానికి కిటికీ లేకుండా పోయింది, అత్త మంచం ఆ నడి భాగంలో పడింది. ఆమె బయటికి రావాలంటే పెద్దకోడలి పొయ్యి దాటాలి. పెద్దకోడలు పలకరించని రోజు అత్త దాటేది కాదు. ఒకసారి జ్వరం ముదిరితే వనపర్తి దవాఖానకు తీసుకుపోవాల్సి వచ్చింది. మంచంతో సహా మోసుకుపోదామంటే మలుపులో మంచం తిరగలేదు. దుప్పట్లో మూటగట్టి మోసుకుపోయారు. ఆమె బతికి తిరిగి వచ్చింది కూడా, మళ్లీ అదే నడి భాగంలోకి. ఉమ్మడి కుటుంబం గొప్పతనం మీద ఉపన్యాసాలిచ్చేవాళ్లు ఆ మలుపులో ఒక్కసారి మంచం తిప్పి చూపించాలి.

వలస పోయిన చోట లోకం వేరు. పాలమూరు కూలీల రేకుల షెడ్లు, తాటిపత్రి పట్టాల గుడిసెలు అందరూ చూసినవే. వాన పట్టిందంటే మాత్రం మేస్త్రీలు జనాన్ని కట్టే బిల్డింగులోకే ఎక్కించేవాళ్లు. కింద స్లాబు, మీద స్లాబు, నడుమ పిల్లర్లు, అంతే. ఆ అంతస్తులో పది పదిహేను సంసారాలు. పిల్లరు నుంచి పిల్లరుకు తాడు, తాడు మీద చీర, అదే గోడ. కొత్తగా పెళ్లయిన జంట వస్తే మూలకు ఇంకో చీర కట్టేవాళ్లు. బాలింత ఉంటే గాలి తగలకుండా గోనెసంచులు కట్టేవాళ్లు. ఎవరైనా ఊరికి పోతే వాళ్ల చీర విప్పేసి పక్కవాళ్లు కాళ్లు బారచాపుకొనేవాళ్లు. నరసింహ పుట్టింది అట్లాంటి ఒక అంతస్తులోనే. ఉసేనమ్మకు నొప్పులు మొదలయ్యాయని తెలియగానే పక్క సంసారం మారుమాట లేకుండా తమ తాడు జరుపుకుంది. కింది అంతస్తులో ఇటుక గోడలు లేస్తుంటే వీళ్లు మూటలెత్తుకొని పై అంతస్తుకు పోయేవాళ్లు. గోడ లేచిందంటే అక్కడ ఇక తమకు చోటు లేదని అర్థం.

అదేమీ పాటలు కట్టుకునే బతుకు కాదు. దోమలు, తడి సిమెంటు వాసన, చీర మాటున స్నానం. ఉసేనమ్మ ఏనాడూ దాన్ని మెచ్చుకోలేదు. కానీ ఒక్కటి పట్టుకుంది. ఇల్లంటే పిల్లరూ స్లాబూ. గోడ ఒంటి మీది గుడ్డ. పిల్ల ఎదుగుతుంటే పుట్టినప్పటి అంగీయే తొడుగుతామంటే అంగీ అయినా చినగాలి, పిల్లకైనా ఊపిరాడకుండా పోవాలి.

కురుమూర్తి ఊపిరితిత్తులను సిమెంటు దుమ్ము తినేసింది. ఆయన పోయాక పిల్లల్ని తీసుకొని ఆమె ఊరికి వచ్చేసింది. ఇద్దరూ కలిసి ఎప్పుడో కొనిపెట్టుకున్న రోడ్డు పక్క జాగాలో ఇల్లు మొదలుపెట్టింది. మేస్త్రీ ఈరన్న పుణెలో వాళ్లతో కలిసి పనిచేసినవాడే. అయినా బిత్తరపోయాడు.

"అక్కా, హాలు యాడ? బెడ్రూములు యాడ?"

"తెల్వదు."

"తెల్వకుంటె గోడలు యాడ పెట్టాలె?"

"పెట్టకు."

"ఇల్లు కడుతున్నవా, రైతుబజారు కడుతున్నవా?"

పన్నెండు పిల్లర్లు వేయించింది. రోడ్డు వైపు నాలుగు, నడుమ నాలుగు, వెనక నాలుగు. నాలుగు పిల్లర్ల మధ్య చోటును ఊళ్లో అంకణం అంటారు. ముందు మూడు అంకణాలు, వెనక మూడు. ఇట్లా పేర్చితే ఏ అంకణానికైనా ఒక పక్క బయటి గోడ ఉండి తీరుతుంది. ఆ గోడలో ఒక్కొక్క అంకణానికి ఒక్కొక్క ద్వారం వదిలించింది. అప్పటికి పనిలేని ద్వారాలను ఇటుకలు పేర్చి మట్టితో మూయించింది, గడ్డపారతో పొడిస్తే ఊడొచ్చేటట్టు. లోపల ఒక్క గోడ కూడా కట్టలేదు. షాబాదు బండలు పరిచిన నేలలో పిల్లర్ల వరస వెంట గుంతలు, గుంతల మీద బండ మూతలు. ప్లాట్ల చుట్టూ ప్రహరీగా నిలబెడతారే, పక్కల్లో గాడి తీసిన సిమెంటు కడీలు, ఆ గాడిలోకి పైనుంచి జార్చే పలకలు, అవే ఆమె ఇంటి లోపలి గోడలు. గుంతలో కడీ దింపి, సందుల్లో రాళ్లు బిగించి, పలకలు జార్చాలి. నలుగురుంటే పూట పని. వద్దనుకుంటే మళ్లీ నలుగురు, మళ్లీ ఒక పూట.

"ఇంట్ల గిన్ని గుంతలేంది?" అన్నాడు పెంటయ్య చూసి. "ఏడాది పొడుగూత పెండ్లి పందిరేనా?"

అసలు లోపం గృహప్రవేశం నాడు బయటపడింది. అయ్యగారు రాగి చెంబు చేతిలో పట్టుకొని ఇల్లంతా ఒక చుట్టు తిరిగి వచ్చి అడిగాడు. "పాలు పొంగియ్యాలె తల్లీ. వంటిల్లు ఏది?"

ఉసేనమ్మ అటు చూసింది, ఇటు చూసింది. వంటిల్లు లేదు. నీళ్లు పోయే తూము లేదు, పొగ పోయే దారి లేదు. వందల వంటిళ్లకు గట్లు పోసిన మనిషి ఆమె. గట్టు ఎంత ఎత్తుండాలో, తొట్టి ఏ మూలకు పోవాలో నిద్రలో లేపి అడిగినా చెప్పేది. కానీ బతుకంతా తన వంట మాత్రం ఆరుబయట, మూడు ఇటుకల మీద. ఆమె మనసులో ఇంటికీ పొయ్యికీ చుట్టరికమే ఏర్పడలేదు. పునాది తవ్విన నాటి నుంచి స్లాబు పడిందాకా, పొయ్యి ఎక్కడ అనే ప్రశ్న ఆమెకు ఒక్కసారి కూడా తట్టలేదు. ఈరన్నకూ తట్టలేదు, ఆయనదీ అదే బతుకు.

ఊరు నవ్విన నవ్వు ఇంకా ఆగలేదు. పెంటయ్య అయితే పొట్ట పట్టుకున్నాడు. "పొయ్యి లేనిది గుడన్న కావాలె, బడన్న కావాలె. నీది ఏది ఉసేనమ్మా?"

"గోదాము అనుకో బావా. పాలు తాగి పో."

వాకిట్లో మూడు ఇటుకలు పెట్టి పాలు పొంగించింది. అయ్యగారు శాస్త్రం ఒప్పదని గొణిగి, పాలు పొంగాక ఒప్పుకున్నాడు. ఆ నెలలోనే ఆమె బయటి గోడ చుట్టూ, నాలుగు దిక్కులా మోరీ తవ్వించి సిమెంటు చేయించింది. ఇంకేముంది, ఏ అంకణంలోనైనా పొయ్యి పెట్టుకోవచ్చు, నీళ్లు పోతాయి. తప్పు జరిగింది కాబట్టి ఒక వంటింటి బదులు ఆరు వంటిళ్లకు దారి దొరికింది. దీన్ని దూరదృష్టి అని పొగిడితే ఉసేనమ్మే నవ్వుతుంది. మరిచిపోయింది, అంతే.

ఆ తర్వాత ఇల్లు మనుషులను బట్టి మారుతూ వచ్చింది. నరసింహకు పెళ్లయి మంజుల వచ్చినప్పుడు ఎడమ పక్క రెండు అంకణాలకు పలకల గోడ లేచింది. పలకలు తలెత్తు వరకే, ఆ పైన గాలాడాలని ఖాళీగా వదిలింది. వారం తిరగకముందే మంజుల అత్త ముందుకు వచ్చి నిలబడింది.

"అత్తా, నువ్వు ఆడ దగ్గితె ఈడ నా గొంతు గీరుకపోతుంది."

"దగ్గు ఇనవడితె ఏమైతది పిల్లా?"

"మా మాటలు మీకు ఇనవడితె ఏమైతదో గది చెప్పు."

చీరల మాటున సంసారం చేసిన తరానికి వినపడనట్టు ఉండటం వచ్చు. ఆ విద్య కోడలికి కూడా రావాలని పట్టుబట్టే అత్తలు చాలామందే ఉన్నారు. ఉసేనమ్మ మర్నాడే కొత్తకోట పోయి ప్లైవుడ్ చెక్కలు తెచ్చి, పలకల మీది నుంచి స్లాబు దాకా మూయించింది.

గద్వాలలో ఇచ్చిన మనీషా ఒకరోజు బట్టల సంచీ, కుట్టుమిషనుతో తిరిగి వచ్చింది. ఎందుకొచ్చిందని ఊరు అడిగింది. "ఆయనతోని కుదరలే" అంది. ఊరికి అది సరిపోలేదు. ఉసేనమ్మకు సరిపోయింది. ముందు వరసలో నడి అంకణానికి రోడ్డు వైపు మూసిన ద్వారం ఉంది. తల్లీకూతుళ్లు గడ్డపారతో పొడిచి దాన్ని తెరిచారు. అది మనీషా దుకాణమూ ఇల్లూ అయింది. దాని వెనక నడి అంకణం ఉసేనమ్మది. దాని తలుపు పెరటి మట్టిలోకి తెరుచుకుంటుంది. కుడి పక్క ముందు అంకణంలో శ్రవణ్, వెనక దాంట్లో పల్లికాయ బస్తాలు.

ఇట్లా ఉండగా శ్రవణ్‌కు పెళ్లి కుదిరింది. అతను కొత్తకోటలో హైవే పక్క లారీ మెకానిక్కు. పిల్ల వనజ అక్కడే బట్టల దుకాణంలో పనిచేస్తుంది. వాళ్లిద్దరూ ముందే మాట్లాడుకున్నారు, పెద్దవాళ్లకు మిగిలింది ముహూర్తం మాత్రమే. వనజ తండ్రి నాగన్న పెబ్బేరు సంతలో ఎడ్ల బేరగాడు. ఆయన ఒక్క మాట పెట్టాడు. "భాగం తెగాలె, గోడ లేవాలె, గప్పుడే ముహూర్తం." సున్నం చాట వచ్చింది అందుకే.

బిందెడు నీళ్లతో ఆ గీత పోయిన పొద్దున శ్రవణ్ తల్లి మీద విరుచుకుపడ్డాడు.

"నీ పంతానికి నా పెండ్లి చెడగొడతవా అమ్మా?"

"గీత గీస్తె కుదిరి, నీళ్లు పోస్తె చెడిపొయ్యే పెండ్లా అది? చెడనీ."

నరసింహ నెమ్మదిగా నచ్చజెప్పబోయాడు. "నిన్ను బజార్ల పడేస్తున్నమా? నెలకొకరం మంచిగ చూసుకుంటం గద."

"నేనేమన్న కిరాయి ట్రాక్టరునా, నెలకొకరు తోలుకపోనీకి? ఇను కొడుకా. నీకు రెండంకణాలు, వానికి రెండు, మనీషాకొకటి, నాకొకటి. పల్లికాయ బస్తాలకు బయట రేకులేస్త. పలకల గోడ ఎన్ని కావాల్నో అన్ని పెట్టుకోండ్రి. ఇటుక గోడ మాత్రం నేనున్నన్ని దినాలు లేవది. ఇల్లు నా పేర ఉన్నది."

"ఊరు నవ్వుతది."

"నవ్వనీ. పొయ్యి లేదని నవ్విన ఊరే గద. ఆ నవ్వుకు నా స్లాబు పగలలే."

ఆదివారం నాగన్న స్వయంగా వచ్చాడు. పలకల గోడను ఎద్దు డొక్కను చరిచినట్టు చరిచి చూశాడు.

"అక్కా, ఏమనుకోకు. మా సంతల దూడలకు గూడ ఇంతకంటె మంచి దొడ్డి ఉంటది."

"నీ దూడలు పొద్దుగూకెల్లకు అమ్ముడువోతయి తమ్మీ. ఎసొంటి దొడ్డైతేంది? నేను మనుషులుండనీకి కట్టిన."

"గోడ అంటె రేపు గూడ ఆడనే ఉండాలె అక్కా."

"గందుకే వద్దంటున్న. రేపు నీ బిడ్డకు ఏం కావాల్నో నీకు తెల్సా? నాకు తెల్వదు. ఇటుకకు అసలే తెల్వదు."

నాగన్న కండువా దులుపుకొని లేచాడు. "ఆలోచన చేసి చెప్తం" అన్నాడు. ఎడ్ల బేరగాళ్లు ఆ మాట అన్నారంటే బేరం తెగినట్టే. ఆ సాయంత్రమే శ్రవణ్ బట్టలు సర్దుకొని కొత్తకోట షెడ్డుకు పోయాడు. తిండి అక్కడే, పడక అక్కడే. ఉసేనమ్మ ఫోన్ చెయ్యలేదు. చేస్తే ఏడుస్తానని తెలుసు, ఏడిస్తే ఒప్పుకుంటానని తెలుసు. మంజుల రెండుసార్లు చేసి, "తింటుండట, బాగనే ఉన్నడట" అని పలక అవతలి నుంచి అందరికీ వినపడేటట్టు చెప్పింది.

కొన్నాళ్లకు, మంట పుట్టే ఎండలో, ఒక పిల్ల బస్సు దిగి మనీషా దుకాణంలోకి వచ్చింది. చేతిలో జాకెట్టు బట్ట ఉంది గాని కొలతలు ఇవ్వకుండా స్లాబు వైపు చూస్తూ నిలబడింది. ఉసేనమ్మ ముందుకు వచ్చింది.

"వనజవు గద. ఫోన్ల చూసిన."

"అవునత్తా. ఇల్లు చూడొచ్చా?"

"చూడు."

వనజ మొహమాటపడలేదు. బండ మూత ఒకటి ఎత్తి గుంతలోకి తొంగి చూసింది. పలకల గోడను భుజంతో నెట్టింది.

"ఇది మీద పడదా?"

"లారీ గుద్దితె పడతది."

"లారీలు బాగుజేసేటోన్నే చేసుకుంటున్న." మళ్లీ నెట్టి చూసింది. "అత్తా, నాకు బయటికి సొంత తలుపు కావాలె."

"ఉన్నది. మట్టితోని మూసినం. తీపిస్త."

"తాళం నాది."

"నీదే. నా దగ్గర ఒక తాళంచెయ్యి ఉంచు."

"ఉంచ."

మనీషా మిషను ఆగింది. ఉసేనమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఎందుకుంచవు?"

"నీ తలుపు తాళంచెయ్యి నాకిస్తవా?"

"ఇయ్య."

"మరి?"

మనీషా నవ్వు ఆపుకోలేక జాకెట్టు బట్టలో మొహం పెట్టుకుంది. ఉసేనమ్మకు మాత్రం నవ్వు రాలేదు. తన మాటే ఎదుటి మనిషి నోట్లోంచి వస్తే ఎంత మొండిగా వినపడుతుందో ఆమెకు అప్పుడే తెలిసింది. "సరే, ఉంచకు" అంది.

"పొయ్యి గూడ వేరే."

"మోరీ అంతట ఉన్నది. యాడన్న పెట్టుకో. మరి ఇటుక గోడ మాట?"

"గది మా నాయిన మాట. గోడ లేస్తె భాగం తేలుతదంట, అక్కరొస్తె అమ్ముకోవచ్చంట. ఆయన దేన్ని చూసినా అమ్ముడువొయ్యే దినమే చూస్తడు. నేను ఉండనీకి వస్తున్న."

"ఆయనకేం చెప్తవు?"

"గోడ ఉన్నదని చెప్త. ఉన్నది గద." చేత్తో పలక మీద కొట్టి చూపింది.

తండ్రితో ఆమె ఏం మాట్లాడిందో, ఎన్ని రోజులు అన్నం మానిందో ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు. పెళ్లి పెబ్బేరులో జరిగింది. నాగన్న మొహం చివరిదాకా విప్పలేదు. పెంటయ్య మాత్రం రెండు బంతుల్లో కూర్చొని తిని, గోదాములోకి కొత్త సరుకు వస్తోందని పక్కవాళ్లకు చెప్పాడు. శ్రవణ్ తల్లికి క్షమాపణ చెప్పలేదు, ఆమె అడగలేదు. కుడి పక్క వెనక అంకణానికి మట్టితో మూసిన ద్వారాన్ని తానే గడ్డపార పట్టి తెరిచాడు. ఆ తలుపుకు వనజ పెద్ద తాళమే కొన్నది.

ఏడాది తిరగకముందే వనజకు నెల తప్పింది. ఆరో నెలలో ఇంటిల్లిపాదీ ఉసేనమ్మ గడప ముందు చేరారు. మాట నరసింహ ఎత్తుకున్నాడు, తీయగా.

"అమ్మా, చిన్నపిల్ల వస్తుంది. వాళ్ల రెండంకణాలల్ల పొయ్యి, బీరువా, మంచం పోతె జాగ లేదు. నీది వాళ్లకు ఆనుకొనే ఉన్నది. నడుమ పలకలు తీస్తె సరిపోతది. నువ్వు మనీషా కాడ పండుకో, లేకుంటె నా కాడికి రా. గోడలు జరగాలని ముందుగాల అన్నది నువ్వే గద? గిప్పుడు జరపమనే అంటున్నం."

పెంటయ్య ఏ పనీ లేకుండా వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "ఇగో, చిక్కింది" అన్నాడు.

చిక్కిన మాట నిజమే. నరసింహ అన్నదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆమె ఇన్నేళ్లూ ఊరందరి మీదా విసిరిన మాటనే తీసి ఆమె ముందు పెట్టాడు. ఇక్కడ మంచి తల్లులు కన్నీళ్లు పెట్టుకొని, మనవడి కోసం మంచం ఎత్తుకొని పోతారు, అందరూ చప్పట్లు కొడతారు. ఉసేనమ్మ పలకల వైపు చూసింది, వనజ పొట్ట వైపు చూసింది. తలుపుకు అడ్డంగా జరిగి నిలబడింది.

"గోడలు జరుగుతయి కొడుకా. జరపనీకే పెట్టిన. నేను గోడను గాదు."

"మరి పిల్ల ఉయ్యాల యాడ కట్టాలె?" శ్రవణ్ గొంతు లేచింది.

"పొయ్యి ఉన్న కాడ. పొయ్యిని బయటికి జరుపు. వెనక మోరీ ఉన్నది, రెండు రేకులేస్తె వసార అయితది. బతుకంత నేను వండింది ఆరుబయటనే, ఎవ్వరు ఆకలికి చావలే. రేపు పిల్ల నడిచినంక మళ్ల లోపలికి తెచ్చుకుంటవో, మనీషా దుకాణం పెంచుకొని ఊర్ల జాగ తీసుకుంటె అది నీకే వస్తదో, గప్పటి సంగతి గప్పుడు. నేనున్నన్ని దినాలు ఈ ఒక్క అంకణం నాది. నేను పోయినంక ఈ తలుపు మట్టితోని మూసుకుంటరో, తీసుకుంటరో, నేనేం వచ్చి చూస్తనా?"

అరుగు మీద నుంచి పెంటయ్య అందుకున్నాడు. "తల్లివి గావు నువ్వు."

"ముగ్గురిని కన్న బావా. ఇంక ఎంతమందిని కంటె తల్లినైత?"

మంజుల పైట అడ్డం పెట్టుకొని నవ్వు దాచుకుంది. వనజ గోడకు చేరగిలబడి నడుం పట్టుకుంది.

"నేను ఈళ్లకు ముందే చెప్పిన అత్తా, నువ్వు ఇయ్యవని."

"మరి అడగమన్నదెవరు?"

"నేనే. అడిగితె పొయ్యేదేమున్నది?"

ఉసేనమ్మ ఆమెను కిందికీ మీదికీ చూసింది. లోపలికి పోయి, గడియ పెట్టుకుంది. కాసేపటికి మళ్లీ గడియ తీసి తల బయటపెట్టింది.

"రేకులేసేటప్పుడు నన్ను పిలువుండ్రి. మీరేస్తె వాలు తప్పుతది, వాన నీళ్లు నా గడప మీదికొస్తయి."